నత్తను కట్టిన కారు

మా బావ పన్నెండేళ్ళు బోరుబండ్ల మీద పనిచేసి, ఒకనాడు ఒక ట్రంకు పెట్టెతో, ఒక గోనెసంచితో తిరిగి వచ్చేశాడు. ట్రంకు పెట్టెను మా అక్కకు అప్పజెప్పాడు. గోనెసంచిని మాత్రం నేరుగా మా సరిహద్దు ఊరు వై.ఎన్.హొసకోటలోని నా షెడ్డుకు మోసుకొచ్చాడు. నేనప్పుడు ఆయిల్ ఇంజన్లు, వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు బాగుచేసేవాణ్ణి. బావ నా పనిబల్ల మీద సామాను మోచేత్తో పక్కకు తోసి, సంచిని అక్కడ బోర్లించాడు. నా పనిబల్లను ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

సంచిలోంచి పడింది టర్బో. బోరుబండి మీద, గుంతలోని మట్టిని పైకి తోయడానికి గాలి కొట్టే పెద్ద ఇంజన్‌ది. రెండు ఇనపగుల్లలు వీపుకు వీపు ఆనించి కూర్చున్నట్టుంటుంది, మధ్యలో ఒకటే ఇరుసు. ఇంజన్ వదిలే పొగ ఒక గుల్లలోని చక్రాన్ని తిప్పుతుంది. ఆ తిరుగుడుకే రెండో గుల్లలోని చక్రం బయటి గాలిని పీల్చి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే డీజిలైనా పెట్రోలైనా ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. పెద్ద చదువు అక్కర్లేని సంగతి. గుల్ల ఆకారం చూసి మేం దాన్ని నత్త అనేవాళ్ళం. కన్నడం మాట్లాడే డ్రైవర్లు బసవనహుళు అనేవాళ్ళు, అదీ నత్తే. వేగంగా పోవాలంటే బండికి నత్తను కట్టాలని రెండు భాషల్లోనూ గంభీరంగా చెప్పుకునేవాళ్ళను నేను మా తాలూకాలోనే చూశాను.

స్పోర్ట్స్ కారు కడదామన్నాడు బావ. కారు ఎక్కడుందని అడిగితే నా షెడ్డు వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ ఎప్పుడో కల్వర్టు మీద నుంచి బోర్లాపడిన పాత కారొకటి ఉంది. దాని ఇంజన్ అప్పటికే ఎవరో ఊడదీసుకుపోయారు. టాపు నుజ్జయిపోయింది, ముందు అద్దం లేదు. నుజ్జయిన టాపును కోసేస్తే సగం స్పోర్ట్స్ కారు అయిపోయినట్టేనని ఆయన లెక్క. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. పన్నెండేళ్ళు ఇంటి ముఖం సరిగా చూడని మనిషి వచ్చీ రాగానే ఆటబొమ్మ కావాలనడమేమిటని గట్టిగానే అడిగాను.

బావ పనిబల్ల మీద కూర్చుని, నత్త చక్రాన్ని వేలితో ఒక్కసారి తిప్పి, అది ఆగేదాకా చూశాడు.

“పన్నెండేండ్లు భూమిలోకి గాలి కొట్టినా బామ్మర్దీ. దుమ్ము తప్ప ఏమొచ్చినాది? ఒకసారి ఇంజన్‌లోకి కొట్టి చూస్తా.”

ఆ ఏళ్ళలో మా వైపు బోరు వేయించడమంటే ఏమిటో నాకూ తెలుసు. బండి వచ్చిందంటే ఊరంతా చుట్టూ నిలబడేది. ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ గుంతలోంచి తడిమన్ను వస్తుందేమోనని చూసేవాళ్ళు. తెల్లటి దుమ్ము లేచి అందరి తలల మీదా పడేది. బండి మనిషి మాత్రం తల దించుకుని పైపులు లెక్కపెట్టుకునేవాడు. ఆ బండి మనిషి మా బావే.

ఇక ఇంజన్ ఏది పెట్టాలనేది మొదలైంది. వానలు లేకపోయినా, నీళ్ళు లేకపోయినా, మా తాలూకాలో అప్పుడు ఇంజన్లకు కొదువ లేదు. బావి ఎండిపోయిన ప్రతి చోటా ఒక ఆయిల్ ఇంజన్ గోతం కప్పుకుని కూర్చునేది. మేం ఇంజన్ వెతుకుతున్నామని తెలిసి మంగళవాడ నుంచి ఒక పెద్దాయన వచ్చి, తనదే తీసుకోవాలని పట్టుబట్టాడు. ఒకటే సిలిండరు, మనిషి మోయలేని చక్రం, నింపాదిగా డుగ్గుడుగ్గుమనే రకం. అది కారుకు పనికిరాదని నేను ముఖం మీదే చెప్పేశాను. రెండు పంటలకు నీళ్ళు తోడిన ఇంజన్‌ను పట్టుకుని పనికిరాదంటావా అని ఆయన అలిగాడు. బావ ఆయన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, మీ ఇంజన్ అంత బలానికి మా కారు తట్టుకోలేదు పెద్దాయనా అని సర్దిచెప్పాడు. ఆయన మీసం సవరించుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు. అలా చెప్పడం నాకు ఈ జన్మకు చేతకాదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి జీపు పెట్రోలు ఇంజన్. నాలుగు సిలిండర్లు, సిలిండర్లున్న ఇనప దిమ్మ దిట్టం, బరువు ఎక్కువ, తిరుగుడు తక్కువ. రెండోది అప్పుడప్పుడే రోడ్ల మీద కనిపిస్తున్న చిన్న కారుది. మూడే సిలిండర్లు, తేలిక, గిర్రున తిరుగుతుంది. నేను చిన్నదే మేలన్నాను. తేలిక బండి మలుపులో మాట వింటుంది, మోటు ఇంజన్ పెడితే ముందు చక్రాలు ఏడుస్తాయి. బావ జీపుదే అన్నాడు. ఆయన నత్త పెద్దది, దాన్ని తిప్పడానికి సరిపడా పొగ చిన్న ఇంజన్ ఇవ్వలేదు. పైగా గాలి బలంగా తోసినప్పుడు దిమ్మ, బేరింగులు తట్టుకోవాలి. నెల రోజులు వాదించుకున్నాం. షెడ్డుకు వచ్చిన రైతులు కూడా చెరోవైపు చేరి వాదించారు. ఆ నత్తకు జీపు ఇంజనే తగినదని నాకు లోపల తెలుసు, అయినా ఒప్పుకోవడానికి నెల పట్టింది.

జీపు ఇంజన్ విప్పి కట్టేటప్పుడే నాకు ఒక సంగతి కంటబడింది. బావ స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. అది మెకానిక్కులందరూ చేసేదే. కానీ విన్న తర్వాత నా చేతికిచ్చి నువ్వొకసారి చూడు అనేవాడు. నేను చెప్పిందాన్ని బట్టే సర్దేవాడు. నా పనితనం మీద గౌరవం అనుకుని నేను కొన్నాళ్ళు ఉబ్బిపోయాను.

మధ్యాహ్నం సంగటి తెచ్చిన అక్క అసలు సంగతి చెప్పింది. బావకు బస్సు హారన్ వినిపిస్తుంది, ఉరుము వినిపిస్తుంది, మగవాళ్ళ మాట వినిపిస్తుంది. కుక్కర్ పక్కనే కూర్చున్నా కూత వినిపించదు. సైకిలు బెల్లు వినిపించదు. తాను గాజులు మోగించుకుంటూ వెనక వచ్చినా తిరిగి చూడడు. ఇదంతా ఆమె నవ్వుతూనే చెప్పింది కానీ చెబుతున్నంతసేపూ గాజులను చేత్తో పట్టుకునే ఉంది.

నేను కడుపులో ఏదీ దాచుకోలేను. ఆ సాయంత్రమే బావను అడిగేశాను. ఆయన దాచలేదు. బోరుబండి ఇంజన్ల మోతకు చెవులు దెబ్బతిన్నాయని, సన్న శబ్దాలు ముందుగా పోతాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు చెప్పాడట. అందుకే పని మానుకుని వచ్చేశాడు. టర్బో తిరిగేటప్పుడు సన్నగా ఒక ఈల వేస్తుంది. బోరుబండి మీద గాలిమోత, డ్రిల్లు మోత కలిసి ఆ ఈలను మింగేసేవి. పన్నెండేళ్ళూ అది పక్కనే ఉన్నా బావ ఏనాడూ దాన్ని విడిగా వినలేదు.

“నా చేత్తో కట్టినదాంట్లో ఆ ఈల ఒక్కసారి ఇనాల. ఉన్న కాస్త చెవి పోకముందే,” అన్నాడు.

ఆ మాట విన్నాక స్పోర్ట్స్ కారు ఆటబొమ్మ అని నేను మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నా రిపేరు పనులు తెల్లవారుజామునే లేచి ముగించుకుని, మిగతా పొద్దంతా దాని మీదే ఉండేవాణ్ణి. ఇంజన్ లోపల ఒత్తిడి మరీ పెరగకుండా తలకాయకూ, అంటే పైమూతకూ, దిమ్మకూ మధ్య మందమైన రాగిరేకు కోసి వేశాం. నత్త ఇరుసుకు నూనె అందేలా సన్న గొట్టం లాగాం. పెట్రోలు మంచిది కాకపోయినా, గాలి ఎక్కువ తోసినా ఇంజన్ లోపల గాజుల మోత లాంటి సన్న శబ్దం వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్లు కరిగిపోతాయి. ఆ శబ్దం బావకు వినపడదు. దాన్ని వినే పని నాది, సర్దే పని ఆయనది.

మొదటిసారి నడిపింది చెరువులో. రోడ్డంతా ఉలవకట్టె పరిచి ఉంది, పోయే బస్సులూ లారీలూ దాన్ని తొక్కి నూర్చిపెట్టేవి. చెరువు ఏళ్ళ తరబడి ఎండి, బల్లలా చదునుగా ఉండేది. గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు నాలుగు గట్టి కేకలేసి మందను గట్టు మీదికి ఎక్కించారు. నన్ను నడపమన్నాడు బావ. తాను నడిపితే ధ్యాసంతా చేతుల్లో ఉంటుందని, వినడానికి కూర్చోవాలని చెప్పాడు. పక్కన కూర్చుని, అద్దం లేని ముందుభాగం మీదికి వంగి, ఎడమచెవి బానెట్ వైపు పెట్టాడు.

రెండో గేరులో ఏమీ లేదు, మామూలు జీపే. మూడో గేరులో తొక్కిపెట్టి ఉంచాను. చెరువు సగం దాటాక ఇంజన్ గొంతు మారింది. ముందు ఆవిరి లీకయినట్టు ఒక చిన్న బుస. ఆ బుస లోంచి ఈల లేచింది. సన్నగా, తెగకుండా, కారు పరుగెత్తేకొద్దీ పైకి, ఇంకా పైకి. సీటు నన్ను వెనక నుంచి నెట్టింది. చెప్పలేనంత సంతోషం వేసింది. రెండు నత్తగుల్లల ఇనుము నోట అంత శుభ్రమైన శబ్దం వస్తుందని నేను అనుకోలేదు.

తిరిగి చూస్తే బావ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఈల చెవి పక్కనే ఉంది, ఆయన దాని కోసం ఎదురుచూస్తున్నాడు. నేను కాలు తీసేశాను. బండి నెమ్మదించాక బావ లేచి కూర్చున్నాడు.

“వచ్చినాదా?” అన్నాడు.

“రాలేదు బావా. ఇంగా రాలేదు.”

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. నోరు దురుసైనా నిజం మాత్రం దాచడని ఊళ్ళో నాకు పేరు. కానీ ఆ క్షణాన తప్పును ఇంజన్ మీదికి నెట్టేశాను. తప్పు ఇంజన్‌దైతే మార్చుకోవచ్చు, చెవిదైతే ఏం చేస్తాం. బావ గట్టు మీది గొర్రెల వైపు చూస్తూ, నత్త పెద్దదయింది, ఇంజన్ కూడా మారుద్దామన్నాడు. నువ్వన్న చిన్న ఇంజనే పెడదాం, దానికి తగ్గ చిన్న నత్తను వెతుక్కొస్తాను అన్నాడు.

అప్పుడు తెలిసింది నేను చేసిన నిర్వాకం. నత్త చిన్నదయ్యేకొద్దీ ఇంకా వేగంగా తిరుగుతుంది. ఇంకా వేగంగా తిరిగితే ఈల ఇంకా సన్నబడుతుంది. పెద్ద నత్త ఈలే వినపడని మనిషి దాని కంటే సన్నదాని కోసం బెంగళూరు బస్సెక్కాడు. నాలుగు రోజులు పాత సామాను అమ్మే గుజరీ అంగళ్ళన్నీ తిరిగి, ఏదో విదేశీ కారు నుంచి ఊడదీసిన నత్తను రుమాలులో మూటగట్టుకుని తెచ్చాడు. నా అరచేతిలో ఇమిడిపోయింది. చక్రం మీద ఊదితే చాలు తిరుగుతోంది.

నేను జీపు ఇంజన్ పక్షం చేరిపోయాను. అదే గట్టిది, అదే నమ్మకమైనది, దాన్నే ఇంకొంచెం సర్దితే సరిపోతుందని మొండికేశాను. అప్పుడు చిన్నదే మేలంటివి కదప్పా అని బావ నవ్వాడు. షెడ్డుకొచ్చిన రైతులూ నవ్వారు. మంగళవాడ పెద్దాయన మళ్ళీ వచ్చి, ఇద్దరికీ కుదరకపోతే నా ఇంజన్ ఉండనే ఉంది కదా అన్నాడు. ఎవరి మీదా అరవడానికి లేదు, తప్పు నాది. చివరికి బావ మాటే నెగ్గింది.

కానీ నిజం చెప్పాలి. ఆ చిన్న ఇంజన్ కట్టిన నాలుగు నెలలంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ పనిచేయలేదు. జీపు ఇంజన్‌కు కుదరని నాజూకు పనులన్నీ దీనికి కుదిరాయి. మూడు పిస్టన్లనూ తూచి, బరువెక్కువున్నదాన్ని లోపలివైపు కొద్దికొద్దిగా అరగదీసి, మూడూ సమానం చేశాం. గాలిదారుల్లో చెయ్యి పట్టదు కాబట్టి, సన్న పుల్లకు ఉప్పుకాగితం చుట్టి నున్నగా తోమాం. బావ చేతులు అంత మోటువైనా, ఆ పనిలో అక్క బియ్యం చెరిగినంత నెమ్మదిగా ఉండేవి. నేను విసుక్కుంటే పని ఆపి, వేరే ముక్క నా చేతికిచ్చేవాడు. సంగటి తెచ్చిన అక్క, మీరిద్దరూ కలిసి ఒక నత్తకు పురుడు పోస్తున్నారని వెక్కిరించేది. మేం సంగటి చల్లారిపోయేదాకా దాన్ని ముట్టుకునేవాళ్ళం కాదు. అప్పుడు తిట్టేది.

ఇంజన్ మొదటిసారి షెడ్డులో స్టార్టయిన పొద్దున, బావ స్క్రూడ్రైవర్ తీసి నా చేతికే ఇచ్చాడు, తన చెవికి పెట్టుకోలేదు. గాజుల మోత లేదని చెప్పాను. బావ నమ్మి తలూపాడు. ఆ నమ్మకం చూశాక నేను ఇక ఆగలేకపోయాను. ఇంజన్ ఆపేశాను.

“బావా, ఆ పొద్దు చెరువులో ఈల వచ్చినాది. నేను అబద్ధం చెప్పినా.”

బావ పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. “తెల్సులే,” అన్నాడు.

“ఎట్ల తెల్సు?”

“చెవి బానెట్ మీద పెడితే మొగం నీ పక్కకే ఉంటాది గదప్పా. ఆ పొద్దు నువ్వు ఎట్ల నవ్వినావో నీకు తెల్దు. నీ పెండ్లినాడు గూడా అట్ల నవ్వలేదు.”

నాకు పీకలదాకా కోపం వచ్చింది. సిగ్గు కూడా వేసిందేమో, నాకు రెండూ ఒకేలా వస్తాయి. తెలిసి తెలిసి ఇంజన్ ఎందుకు మార్పించావు, నాలుగు నెలలు నన్నెందుకు తిప్పలు పెట్టావని నిలదీశాను. వినాలనుంటే పెద్ద నత్తనే ఉంచుకుని, దాని ఈలను ఎలా లావు చెయ్యాలో చూసేవాళ్ళం కదా, చిన్నదాని ఈల నీకు అసలు వినపడదు కదా అన్నాను. ఆ చివరి మాట నా నోట్లోంచి వచ్చేశాక నాలుక కరుచుకున్నాను.

బావకు కోపం రాలేదు. పనిబల్ల మీద, నా సామాను పక్కకు తోసి, ఎప్పటిలా కూర్చున్నాడు.

“పెద్దదాని ఈలే పాయె, చిన్నదాని ఈల నాకు యాడ ఇనపడతాది? నీకు ఇనపడతాది గదా. నీకు చిన్న ఇంజనే కావాలంటివి. అందుకే మారుద్దామంటి.”

అక్క తెచ్చిన సంగటి ఆ పూట మాత్రం వేడివేడిగా తిన్నాం. తర్వాత కారును నడుపుకుంటూ చెరువుకు తీసుకెళ్ళాం. ఎండ బాగా ఉంది. దూరంగా బోరుబండి ఏదో పనిచేస్తున్నట్టు తెల్లటి దుమ్ము లేస్తోంది. బావ అటు ఒకసారి చూసి, కారెక్కాడు.

ఈసారి ఆయన బానెట్ మీదికి వంగలేదు. వీపు తలుపుకు ఆనించి, ఒక కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, పూర్తిగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. దారి చూడలేదు, చెరువు చూడలేదు. అంత దగ్గర నుంచి ఒక మగవాడు నా ముఖాన్ని అలా చూస్తుంటే నాకు ఇబ్బందిగా ఉండి, ముందు చూడు బావా అని కసిరాను. ఆయన కదల్లేదు. రెండో గేరు వేశాను. చిన్న ఇంజన్ గిర్రున లేచింది, కారు తేలిపోతున్నట్టుంది. మూడో గేరు వేసి కాలు నొక్కిపెట్టాను. ముఖం బిగించుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

“వచ్చినాది,” అన్నాడు బావ, నేను చెప్పకముందే.